నీళ్లు వద్దన్నారు, తర్వాత తాగమన్నారు

కొబ్బరిబొండం తాగొద్దన్న డాక్టరు మాట మా బంధువులెవరికీ మింగుడుపడలేదు. మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి. పాతపట్నం దాటి వచ్చే చుట్టాలు, అందులోనూ శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరితోటలుండే ఉద్దానం వైపు వాళ్లు, రోగిని చూడ్డానికి బొండాలు లేకుండా రారు. నాకేమో ఒంట్లో పొటాషియం పెరిగిపోయింది. దాన్ని బయటికి పంపాల్సిన కిడ్నీలు పని ఆపేశాయి. పొటాషియం హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది. బొండంలో దండిగా ఉండేది అదే.

అంతా మే ఎండల్లో పట్టుకున్న వాంతులు, విరేచనాలతో మొదలైంది. మూత్రం ముదురు రంగులో, కొంచెం కొంచెమే వచ్చేది. అప్పటికి కిడ్నీలు తమ పని సరిగ్గానే చేస్తున్నాయట. ఒంట్లో నీరు తగ్గితే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఏడీహెచ్ అనే హార్మోన్ వదులుతుంది. దాంతో కిడ్నీలు నీటిని పోనివ్వకుండా రక్తంలోకి వెనక్కి లాక్కుంటాయి. ఆల్డోస్టెరాన్ అనే ఇంకో హార్మోన్ ఉప్పును పట్టి ఉంచుతుంది, ఉప్పు వెంట నీరూ ఆగుతుంది. కానీ బీపీ బాగా పడిపోయి, చాలాసేపు రక్తం సరిగా అందక కిడ్నీల లోపలి సన్నటి గొట్టాలు దెబ్బతిన్నాయి. మూత్రం దాదాపు ఆగిపోయింది.

బరంపురంలో ఆస్పత్రిలో చేర్చేసరికి రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, 7 దాటింది. ఉండాల్సింది 1 దరిదాపుల్లో. ‘ఉద్దానం జబ్బు అంటుకుంది నాయనా’ అని మా పెద్దమ్మ ఒకటే ఏడుపు. అది అంటుకునేదీ కాదు, నాకొచ్చింది అదీ కాదు. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట వైపు జనాన్ని పట్టి పీడిస్తున్నది ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా కిడ్నీని తినేసే జబ్బు. ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. నాది ఉన్నట్టుండి వచ్చింది, తగ్గే అవకాశం ఎక్కువ. ఈ తేడా పెద్దమ్మకు చెప్పడం డయాలసిస్ కంటే కష్టమైంది.

డయాలసిస్ మెడ దగ్గర గొట్టం పెట్టి చేశారు. చలేసింది, నిద్రపట్టింది, అంతే. అసలు నరకం దాహం. నిన్న ఎంత మూత్రం వచ్చిందో అంత, దానికి 500 మిల్లీలీటర్లు కలిపితే ఇవాళ్టి నా వాటా. ఆ 500 చెమటగానూ ఊపిరితోనూ పోయేదానికి బదులు. మాత్రలు మింగే నీళ్లు, టీ, చారు అన్నీ అందులోకే. మా ఆవిడ కిరాణా కొట్టు పద్దులా ప్రతి గుటకా రాసుకునేది. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. అంత నీరు ఒంట్లోనే ఉంది, నాలుక మాత్రం పిడచకట్టుకుపోయింది. ‘టికే పాణి’ అని సిస్టరును ఒడియాలో బతిమాలాను. ఆవిడ అచ్చ తెలుగులో ‘కుదరదు బాబూ’ అంది.

తర్వాత కథ తిరగబడింది. మూత్రం సీసాలు సీసాలుగా రావడం మొదలైంది. ఇంట్లోవాళ్లు సంబరపడ్డారు. డాక్టరుగారికి మాత్రం కొత్త టెన్షన్. మామూలు మనిషి కిడ్నీలు రోజుకు 180 లీటర్ల దాకా వడకట్టి, అందులో 99 శాతం వెనక్కి తీసుకుంటాయి. నాకు వడపోత ముందు కోలుకుంది, వెనక్కి లాగే గొట్టాలు ఇంకా కోలుకోలేదు. హార్మోన్ చెప్పినా అవి వినే స్థితిలో లేవు. నీరు, సోడియం, పొటాషియం అన్నీ కారిపోతున్నాయి. నిన్నటిదాకా గుక్కెడు నీళ్లకు ఏడిపించినవాళ్లే ‘తాగండి, ఇంకా తాగండి’ అని వెంటపడ్డారు. సెలైన్ ఎక్కించారు. పొటాషియం తగ్గిందని బొండాలకూ అనుమతి దొరికింది. అప్పటికి తెచ్చేవాళ్లు తేవడం మానేశారు, కొనుక్కోవాల్సి వచ్చింది.

రోజూ పొద్దున్నే బరువు చూసేవారు, నీళ్లు ఎంత తాగాలో దాన్నిబట్టే. మెల్లగా మూత్రం తగ్గి, మళ్లీ పసుపు రంగు తిరిగింది. ఆ రంగు చూసి నేనంత ఆనందపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

మూడు నెలల తర్వాత పరీక్షలో క్రియాటినిన్ 1.2 వచ్చింది. ఏడాదికోసారి చూపించుకోమన్నారు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆలస్యం చేయకుండా ఓఆర్ఎస్ మొదలుపెట్టి ఆస్పత్రికి రమ్మన్నారు. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దన్నారు. మోకాలి నొప్పికి ప్రస్తుతానికి కాపడంతోనే సరిపెడుతున్నాను.