ఎర్రతోలు మీద నల్లరంగు: 1965 నాటి జాగ్వార్ సీట్లను బాగుచేసుకున్న నా అనుభవం

జాగ్వార్ ఇ-టైప్ గురించి రాసేవారు ఎక్కువగా దాని పొడవాటి బానెట్ గురించీ, 1961 మార్చిలో జెనీవా మోటారు ప్రదర్శనలో అది రేపిన సంచలనం గురించీ రాస్తారు. నేను రాస్తున్నది ఆ కారు లోపలి తోలు, రెక్సిన్, స్పాంజి, కార్పెట్ల గురించి. ఇంగ్లండులోని కోవెంట్రీలో స్థిరపడిన నేను, అదే ఊళ్లోని బ్రౌన్స్ లేన్ కర్మాగారంలో 1965లో తయారైన, పైకప్పు తెరుచుకునే రకం ఇ-టైప్ ఒకటి అమ్మకానికి వచ్చిందని తెలిసి, చాలాకాలంగా కూడబెట్టిన డబ్బుతో దానిని కొనుక్కున్నాను. 4.2 లీటర్ల ఇంజను చక్కగా నడుస్తోంది, బయటి పెయింటు కూడా ఫరవాలేదు. లోపల మాత్రం నల్లని సీట్లు బిరుసెక్కి, పగుళ్లు తేలి, కుట్లు ఊడి ఉన్నాయి. సీటు మీద చెయ్యి వేసి నొక్కితే అడుగు నుంచి పసుపుపచ్చని పొడి రాలేది. ఆ పొడి అప్పటి లేటెక్స్ స్పాంజి. రబ్బరు పాలతో చేసిన స్పాంజి గాలికీ వేడికీ ఏళ్ల తరబడి ముదిరి చివరకు అలా పొడిగా మారిపోతుంది.

దేనినీ ముట్టుకోకముందే కాగితాలు తెప్పించుకున్నాను. జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ వద్ద కర్మాగారపు రికార్డులు భద్రంగా ఉన్నాయి. కారు మనదేనన్న రుజువు చూపి, రుసుము కడితే, ఆ కారు ఏ తేదీన తయారైందో, ఇంజను నంబరు ఏమిటో, బయటి రంగూ లోపలి రంగూ ఏవో తెలిపే ధ్రువపత్రం ఇస్తారు. నాకు వచ్చిన పత్రంలో బయట ఒపలెసెంట్ సిల్వర్ గ్రే, లోపల ఎరుపు అని ఉంది. సీట్లు ఎవరో మార్పించి ఉంటారనుకుంటూ, డ్రైవరు పక్క సీటును పట్టాల నుంచి విప్పి బోర్లించి చూశాను. కుషను తొడుగు అంచును ఫ్రేము కిందికి మడిచి బిగించిన చోట, వేలెడు వెడల్పున, ఎండా చెమటా సోకని ముదురు ఎరుపు కనిపించింది. అంటే తోలు మార్చలేదు. కర్మాగారం నుంచి వచ్చిన ఎర్రతోలు మీదే ఎవరో ఎప్పుడో నల్లరంగు పూశారు.

అది చూశాక నా ఆలోచన పూర్తిగా మారింది. అప్పటిదాకా రెడీమేడ్ సీటు తొడుగుల సెట్టు తెప్పించి తొడిగిద్దామనే అనుకున్నాను. ఇ-టైప్‌కు అలాంటి సెట్లు ఇంగ్లండులో సులువుగా దొరుకుతాయి, వాటిలో మంచివి చాలా మంచివి, వాటిని వాడేవారిని నేను తప్పుపట్టను. కానీ ఆ రోజుల్లో జాగ్వార్ సీట్లకు తోలు ఇచ్చినది 1878లో లండన్‌లో మొదలైన కానలీ సంస్థ. రోల్స్ రాయిస్, ఆస్టన్ మార్టిన్ కార్లకూ ఆ తోలే వాడేవారు. వారి తోళ్ల కర్మాగారం 2002లో మూతపడింది. కొత్త తోలు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు గానీ ఆ తోలు మళ్లీ రాదు. కాబట్టి నిలిచే ముక్క ప్రతిదీ నిలుపుకోవాలని, నిలవని చోటే కొత్తది వెయ్యాలని నిశ్చయించుకున్నాను. ఈ పనిలో కుట్టడం కన్నా ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తేల్చుకోవడమే కష్టమని ఆ తరువాత ప్రతి దశలోనూ తెలిసివచ్చింది.

మా మేనమామ విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లు లారీలకూ బస్సులకూ సీట్లు కుట్టారు. ఫోనులో ఈ సీట్లు చూపించి, "విప్పడం ఎక్కడ మొదలుపెట్టమంటావు మావయ్యా?" అని అడిగాను. "ముందు బ్లేడు పక్కన పెట్టి సుద్దముక్క తియ్యరా. ప్రతి కుట్టుకీ అడ్డంగా, ఈ ముక్క మీంచి ఆ ముక్క మీదకి గీతలు గియ్యి. విప్పేశాక ఏది దేనికి అతుకుతుందో ఎవరూ చెప్పలేరు" అన్నారు. కోవెంట్రీ దగ్గర నాకు ఈ పని నేర్పడానికి ఒప్పుకున్న మరొక పెద్దాయన, కార్ల సీట్ల పనిలోనే జీవితమంతా గడిపి విశ్రాంతి తీసుకుంటున్న ఆంగ్లేయుడు, మొదటి రోజు నా చేత చేయించినదీ సరిగ్గా ఇదే. ఒకరినొకరు చూడని ఆ ఇద్దరూ ఒకే మాట చెప్పడం నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది.

గీతలు గీసి, ప్రతి ముక్క వెనుక నంబరు రాసి, ఫొటోలు తీసుకున్నాక, తొడుగును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ఇనుప రింగులను పటకారుతో ఒక్కొక్కటిగా తెరిచాను. కుట్లు విప్పేటప్పుడు రెండు ముక్కలనూ పట్టి లాగకూడదు. దారాన్ని మాత్రమే బ్లేడు మొనతో తెంపుతూ పోవాలి, ఎందుకంటే పాత తోలులో సూది రంధ్రాల మధ్య మిగిలిన బలం చాలా తక్కువ. ఇలా విప్పిన తొడుగే కొత్త ముక్కలకు నమూనా. అయితే డ్రైవరు సీటు తొడుగును నమ్మడానికి వీల్లేదు. దశాబ్దాల పాటు మనుషులు ఎక్కి దిగడం వల్ల కుడి అంచు సాగిపోయి, మధ్యభాగం కుంచించుకుపోయి ఉంటుంది; దానిని అలాగే గీసి కత్తిరిస్తే ఆ వంకర కొత్త సీటుకూ వస్తుంది. పక్క సీటులో కూర్చునేవారు తక్కువ కనుక దాని తొడుగు అసలు కొలతలను ఎక్కువగా నిలుపుకుంటుంది. రెండింటినీ ఒకదాని పక్కన ఒకటి పరిచి, తేడా వచ్చిన ప్రతి చోటా పక్క సీటు కొలతనే తీసుకున్నాం.

సీట్లు తీశాక కార్పెట్ కింద పరిచిన జనపనార ఫెల్టు తడిసి ముద్దగా కనిపించింది. పైకప్పు తెరుచుకునే కార్లలో ఇది మామూలే: గుడ్డ టాపు అంచుల నుంచి దిగిన వాన నీటిని ఆ ఫెల్టు పీల్చుకుని, ఉక్కు ఫ్లోరును నెమ్మదిగా తినేస్తుంది. డ్రైవరు కాళ్ల దగ్గర ఫ్లోరుకు స్క్రూడ్రైవరు ఆనిస్తే లోపలికి దిగిపోయింది. వెల్డింగు చేసేవారు తుప్పు పట్టిన భాగాన్ని కోసి, కొత్త రేకు వేసి, ప్రైమరు కొట్టి ఇచ్చేదాకా లోపలి పని ఆపేశాను. పాత కారు లోపలి భాగం బాగుచేయించుకోవాలనుకునేవారికి నేను గట్టిగా చెప్పే మాట ఇది: తోలుకు డబ్బు కట్టేముందు కార్పెట్ ఎత్తి ఫ్లోరు చూడండి.

కారు వెల్డింగులో ఉన్నన్నాళ్లూ నేను నల్లరంగుతో కుస్తీ పట్టాను. ఆనాటి తోలు మీద సెల్యులోజ్ లాకరుతో కూడిన రంగుపూత ఉంటుంది. దాని మీద పూసిన నల్లరంగు వేరే జాతిది. పై పూతను కరిగించే ద్రావకం కింది పూతను కూడా ఎంతో కొంత కరిగిస్తుంది కనుక, ఎంతసేపు రుద్దామన్నదే ఇక్కడ అసలు విద్య. ముందుగా బయటికి కనిపించని అంచు మీద పరీక్షించాం. తరువాత అరచేయంత భాగాన్ని మాత్రమే తీసుకుని, తెల్లని నూలుగుడ్డను ద్రావకంతో కాస్త తడిపి ఒకసారి అద్దాలి, గుడ్డకు నలుపు అంటగానే మడత మార్చి శుభ్రమైన వైపుతో మళ్లీ తుడవాలి. గుడ్డకు గులాబి రంగు అంటడం మొదలైతే చెయ్యి ఆపెయ్యాలి, ఎందుకంటే అప్పుడు వస్తున్నది అసలు ఎరుపే. సీటు పొడవునా సాగే ప్లీట్ల (వరసగా కుట్టిన మడతల) మధ్య పల్లాల్లో, కుట్టు పక్కన, నలుపు మొండిగా నిలిచిపోతుంది. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, కిటికీలన్నీ తెరిచి ఉంచి, ఒక్కొక్క పల్లాన్నీ అలాగే తీశాను. ఇది తొందరపడితే చెడిపోయే పని. కానీ నల్లని ఉపరితలం కింద నుంచి ఆ ఎరుపు, దానితో పాటు తోలు సహజ రేఖలు బయటపడుతుంటే నాకు కలిగిన ఆనందం మాటల్లో పెట్టలేను.

రంగు పోయాక నిజం తేలింది. రెండు సీట్ల వీపు భాగాలూ గట్టిగానే ఉన్నాయి. పక్క సీటు కుషను మీద పగుళ్లు ఉన్నా అవి పూత వరకే, తోలు లోపలికి దిగలేదు. డ్రైవరు కుషను మాత్రం ఎండకు కుంచించుకుపోయి, ప్లీట్ల కుట్ల వెంట తపాలా బిళ్లలు విడిపోయినట్టు చిరిగిపోతోంది. దానికి కొత్త తోలు తప్పదు. మిగిలిన మూడు భాగాలనూ మెత్తబరచడానికి తైలాన్ని తోలు వెనుక వైపు నుంచి పట్టించాం. సీట్లకు పై నుంచి నూనెలూ క్రీములూ రాసేవారు చాలామంది ఉన్నారు గానీ, రంగుపూత ఉన్న తోలులోకి పై నుంచి తైలం పెద్దగా ఇంకదు. తొడుగు విప్పి ఉన్నప్పుడు గరుకుగా ఉండే వెనుక వైపు రాస్తేనే అది నిజంగా లోపలికి పోతుంది. చిన్న చిరుగులకు వెనుక నుంచి పలుచని గుడ్డను సాగే జిగురుతో అతికించి, పగుళ్లలో మెత్తని ఫిల్లరు నింపి, సన్నని ఎమెరీ కాగితంతో రుద్ది, ఎరుపు పూర్తిగా పోయిన చోట్ల మాత్రమే రంగు వేశాం. సీటంతటికీ కొత్త రంగు కొట్టేస్తే చూడటానికి మరింత నున్నగా ఉండేదే. కానీ అలా చేస్తే నల్లరంగు పూసిన మనిషికీ నాకూ తేడా ఏముంటుంది?

డ్రైవరు కుషనుకు కొత్త తోలు ఎంచుకునేటప్పుడు, ఫ్రేము కింద దాగిన ఆ ఎర్రని అంచు నుంచి చిన్న ముక్కను నమూనాగా తీసుకువెళ్లాను. ఎరుపును దీపాల వెలుతురులో సరిచూడకూడదు. గదిలో ఒకటిగా కనిపించిన రెండు ఎరుపులు బయట ఎండలో ఒకటి నారింజ వైపూ మరొకటి మెరూన్ వైపూ పోతాయి. అందుకని ప్రతి నమూనానూ ఎండలోనూ మబ్బు వేళా పట్టుకు చూసి, సరిపోయిన రంగునే వేయించుకున్నాను. ఒక పూర్తి ఆవుతోలు సుమారు 50 చదరపు అడుగులు ఉంటుంది, కానీ అందులో సీటు ముఖానికి పనికివచ్చేది కొంతే. వెన్నెముకకు రెండు వైపులా ఉండే భాగం బిగువుగా, సమానంగా ఉంటుంది. పొట్ట, కాళ్ల వైపు తోలు సాగుతుంది, దానిని కూర్చునే చోట వేస్తే ఏడాది తిరక్కుండానే ముడతలు పడుతుంది. తోలును బల్ల మీద పరిచి, ముళ్లకంచె గీతలూ పురుగు కాట్ల మచ్చలూ ఉన్న చోటల్లా సుద్దతో చుట్టి, వాటిని తప్పించి నమూనాలు అమర్చాలి. ఈ అమరికకే మేము కత్తిరింపు కన్నా ఎక్కువ సమయం తీసుకున్నాం.

పెద్దాయన దగ్గర ఉన్నది పాత సింగర్ 111 మిషను. దాని పాదం సూదితో పాటే ముందుకు అడుగు వేస్తుంది కనుక, మందపాటి తోలు, స్పాంజి, గుడ్డ మూడూ కలిపి కుట్టినా పై పొర వెనుకబడదు. బట్ట మీద తప్పిన కుట్టును విప్పి మళ్లీ వేసుకోవచ్చు, తోలుకు పడిన రంధ్రం మాత్రం ఎప్పటికీ ఉండిపోతుంది. అందుకని పాత రెక్సిన్ ముక్కల మీద చెయ్యి తిరిగేదాకా ఆయన నన్ను తోలు ముట్టుకోనివ్వలేదు. ప్లీట్లు కుట్టేకొద్దీ ముక్క వెడల్పు తగ్గుతూ వస్తుంది. కాబట్టి ముందే కొంత ఎక్కువగా కత్తిరించి, ప్లీట్లన్నీ కుట్టాక అసలు కొలతకు కోసుకోవాలి. కొత్త కుషను ప్లీట్ల గీతలు పాత వీపు భాగం గీతలకు ఎదురెదురుగా సరిగ్గా కలవాలి. అక్కడ కాస్త తేడా వచ్చినా కంటికి వెంటనే తెలిసిపోతుంది కనుక, ప్రతి గీతనూ పాత తొడుగు మీద పెట్టి చూసుకుంటూ కుట్టాం. అంచు పైపింగ్ (అంచు వెంట కుట్టే సన్నని గుండ్రని తోలు పట్టీ) కోసం కోసిన పట్టీలు కలిసే చోట తోలును వెనుక నుంచి కత్తితో చెక్కి పలుచన చేస్తే, అతుకు చేతికి తగలదు.

స్పాంజి విషయంలో అందరూ మెత్తదనం చూస్తారు, చూడవలసింది ఎత్తు. 1964 అక్టోబరులో 4.2 ఇంజనుతో పాటు జాగ్వార్ వారు సీట్లనూ కొత్తగా రూపొందించారు, అవి అంతకుముందరి 3.8 లీటర్ల ఇంజను కార్ల సీట్ల కన్నా ఎంతో సుఖంగా ఉంటాయి. కానీ ఇప్పటి పాలీయూరితేన్ స్పాంజి లేటెక్స్ అంతగా కిందికి దిగదు. పాత మందంలోనే కోసి వేస్తే మనిషి పైకి లేచి, తొడలు పెద్ద చెక్క స్టీరింగు చక్రానికి తగులుతాయి, టాపు వేస్తే తల దానికి ఆనుతుంది. స్పాంజి కింద దానిని మోసే కొత్త రబ్బరు పలక బిగించి, స్పాంజిని కొద్దికొద్దిగా కోస్తూ, కూర్చుని లేచి చూసుకుంటూ సరిపెట్టుకున్నాం. తొడుగు ఎక్కించేటప్పుడు తోలుకు ఆవిరి పట్టిస్తే అది మెత్తబడి మూలల్లో చక్కగా కూర్చుంటుంది.

తలుపుల పలకలకు మొదటి నుంచీ ఉన్నది రెక్సినే. తోలు సీటు ముఖం వరకే. తేమకు వంగిపోయిన అట్టలను మార్చి, పాత రెక్సిన్‌నే కడిగి మళ్లీ అతికించాను. కార్పెట్ కొత్తదే వెయ్యవలసి వచ్చింది, పాతది ఎత్తుతుంటేనే చేతిలో విడిపోయింది.

సీట్లు మళ్లీ కారులో బిగించాక, మిగిలిన మూడు భాగాల పక్కన డ్రైవరు కుషను కొత్తదని తెలిసిన కంటికి తెలుస్తూనే ఉంది. దానిని పాతదిలా కనిపించేట్టు చెయ్యడానికి నేను ఒప్పుకోలేదు. వాడుతుంటే అదే కలుస్తుంది. ఇప్పుడు సీట్లను తడి గుడ్డతో తుడవడం, కారును ఎండలో నిలిపినప్పుడు మీద గుడ్డ కప్పడం తప్ప మరేమీ రాయడం లేదు. చిరిగిన పాత కుషను తొడుగును నంబర్లు, సుద్ద గీతలతో సహా ఒక పెట్టెలో పెట్టి, ఏ భాగం అసలుదో ఏది కొత్తదో రాసిన కాగితాన్ని ధ్రువపత్రంతో కలిపి కారు ఫైలులో ఉంచాను. కారు ఎవరి చేతికి వెళ్లినా ఆ పెట్టె, ఆ ఫైలు దానితో పాటే వెళ్లాలని ఇంట్లో చెప్పి పెట్టాను.