మొదటి జీతం పడేలోపు

నిన్న రాత్రి పదింటికి ఫోన్. పార్వతీపురం వైపు పిల్ల, పోయినేడాది మా సెంటర్‌లో మూడు నెలల రిటైల్ కోర్సు చేసింది. "సార్, ఈ నెల ఇంటికి మూడు వేలు పంపాను" అంది.

మాక్ ఇంటర్వ్యూ రోజు కూర్చోమన్నా కూర్చోలేదు. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. నీ గురించి చెప్పమ్మా అంటే వాళ్ళ నాన్న గురించి చెప్పింది!

2014లో కేంద్రం తెచ్చిన దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో పల్లె పేద పిల్లలకి శిక్షణ, హాస్టల్, తిండి అన్నీ ఉచితమే. నేర్పడం మాకొచ్చు. పిల్లలు జారిపోయేది ఉద్యోగంలో చేరాకే. కొత్త ఊరు, రూము అడ్వాన్సు, జీతానికింకా నెల. రాష్ట్రం దాటితే ఆరు నెలలపాటు నెలకి వెయ్యి సాయం ఉంది. వెయ్యికి చెన్నైలో ఏమొస్తుంది?

ఈ పిల్ల కూడా చెన్నైలో చేరిన రెండో వారమే "వచ్చేస్తాను సార్" అని ఏడ్చింది. మా రిజిస్టర్‌లో అప్పటికే తన పేరు పక్కన ప్లేస్‌మెంట్ టిక్కు పడిపోయింది. నిలబెట్టింది మాత్రం మేం కాదు, ముందు బ్యాచ్ అమ్మాయిలు. "అడ్వాన్సు తర్వాత ఇద్దువులే" అని రూములో చేర్చుకున్నారు.

ఫోన్ పెట్టేస్తూ, ఈ బ్యాచ్‌లో చెన్నై వచ్చేవాళ్ళుంటే తన నంబరివ్వమంది. రూములో ఇంకొకరికి చోటుందట.