కేస్ ఇంటర్వ్యూ ప్రిపరేషన్: ‘సోనీ సొంత పీసీ గేమ్ స్టోర్ పెట్టాలా?’

ఎంబీఏ ప్లేస్‌మెంట్లకు, కన్సల్టింగ్ ఇంటర్వ్యూలకు చదువుతున్నవాళ్లు తప్పకుండా ప్రాక్టీస్ చేయాల్సిన కేస్ ఇది. కేస్ అంటే ఒక కంపెనీ సమస్య ఇచ్చి, ఏం చేయాలో తేల్చమనే ప్రశ్న. ప్లేస్టేషన్ కన్సోల్ అమ్మే సోనీ తన గేమ్‌లను పీసీలో స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్ ద్వారా అమ్ముతోంది. స్టీమ్ నడిపే వాల్వ్ కమీషన్ తీసుకుంటోంది. మరి సోనీ సొంతంగా డిజిటల్ స్టోర్ తెరవాలా?

మాక్ ఇంటర్వ్యూల్లో చాలామంది రెండో నిమిషంలోనే జవాబు చెప్పేస్తారు: ‘30 శాతం కమీషన్ మిగులుతుంది, పెట్టాలి’ అని. ఇంటర్వ్యూయర్ ఎదురుచూసేది సరిగ్గా ఈ తప్పు కోసమే. కొనేవాడు స్టీమ్ వదిలి రావడానికి కారణం ఏముందన్న ప్రశ్న దగ్గరే ఈ కేస్ తేలుతుంది. లెక్క చేసినా, ఉదాహరణ చెప్పినా మళ్లీ అక్కడికే రావాలి.

మొదట లక్ష్యం అడగండి: లాభమా, కొత్త యూజర్లా, కన్సోల్ వ్యాపారాన్ని కాపాడుకోవడమా? కంపెనీ పేరు చెప్పకపోతే అదీ అడగాలి. మైక్రోసాఫ్ట్ చేతిలో విండోసే ఉంది. నింటెండో తన కన్సోల్ గేమ్‌లను పీసీకి ఇవ్వనే ఇవ్వదు. సోనీ ఈ రెండింటికీ మధ్యలో ఉంది.

ఇక లెక్క. కాగితం మీద నిదానంగా చేయండి, మార్కులన్నీ ఇక్కడే. వాల్వ్ 2018 అక్టోబరు నుంచి శ్లాబులు పెట్టింది. ఒక గేమ్ అమ్మకాల్లో మొదటి కోటి డాలర్ల మీద 30 శాతం, అక్కడి నుంచి 5 కోట్ల వరకు 25, ఆపైన 20. అంటే 10 కోట్ల డాలర్లు అమ్ముడైన గేమ్ మీద కమీషన్ 30 లక్షలు, కోటి, ఇంకో కోటి. మొత్తం 2 కోట్ల 30 లక్షలు. 30 శాతం అనుకున్నది 23కి దిగింది.

సొంత స్టోర్‌కీ ఖర్చుంటుంది: పేమెంట్ చార్జీలు, డౌన్‌లోడ్ బ్యాండ్‌విడ్త్, రీఫండ్లు, దొంగ కార్డుల మోసాలు, కస్టమర్ కేర్. దీన్ని 8 శాతం అనుకుందాం. ఇది మీ ఊహ అని ఇంటర్వ్యూయర్‌కు చెప్పి మరీ రాయండి. 100 డాలర్ల అమ్మకంలో స్టీమ్ మీద 77 చేతికొస్తే, సొంత స్టోర్‌లో 92 వస్తుంది. 77ని 92తో భాగిస్తే దాదాపు 84 శాతం. గేమ్‌ను స్టీమ్ నుంచి పూర్తిగా తీసేస్తే, నూటికి 84 మంది వెంట వస్తేనే లాభనష్టాలు సమానం. ఇందులో స్థిర ఖర్చు ఇంకా కలపలేదు.

స్టీమ్‌లోనూ ఉంచి, పక్కన సొంత స్టోర్ పెడితే? ఇక్కడ బాగా చదివినవాళ్లు కూడా జారిపోతారు. పెద్ద గేమ్‌లో మీరు పక్కకు లాగే అమ్మకాలు పై శ్లాబు నుంచే తగ్గుతాయి. కాబట్టి మిగిలేది 20లోంచి 8 పోగా 12 శాతమే. స్టోర్ స్థిర ఖర్చు ఏడాదికి 4 కోట్ల డాలర్లు అనుకుంటే, అది రాబట్టడానికి 33 కోట్ల డాలర్లకు పైగా అమ్మకాలు ఇటు మళ్లాలి. 2022 మేలో సోనీ ఇన్వెస్టర్లకు చెప్పిన ఆ ఆర్థిక సంవత్సరపు పీసీ అమ్మకాల అంచనా మొత్తం కలిపి 30 కోట్ల డాలర్లు. ఈ రెండు సంఖ్యలూ పక్కపక్కన రాస్తే ఇంటర్వ్యూయర్‌కు వేరే వివరణ అక్కర్లేదు. చిన్న గేమ్‌లకు మిగులు 17 లేదా 22 శాతం ఉంటుందని కూడా చెప్పండి, లేకపోతే ఆయనే అడుగుతారు. మిలియన్లను కోట్లలోకి మార్చేటప్పుడు జాగ్రత్త: 100 మిలియన్లు అంటే 10 కోట్లు. ఒక్క సున్నా తప్పితే కేస్ మొత్తం తలకిందులవుతుంది.

జనం స్టీమ్‌ను ఎందుకు వదలరు? ఏళ్లుగా కొన్న గేమ్‌లు అక్కడున్నాయి, స్నేహితుల లిస్టు అక్కడుంది, రివ్యూలున్నాయి, మాడ్‌ల (ఆటగాళ్లే గేమ్‌కు చేసే మార్పులు) కోసం వర్క్‌షాప్ ఉంది. 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడితే డబ్బు వాపస్. సాక్ష్యాలకు కొదవ లేదు. గేమ్ కంపెనీ ఈఏ 2011లో ఆరిజిన్ పేరుతో సొంత స్టోర్ పెట్టి, 2019లో తిరిగి స్టీమ్‌కు వచ్చింది. మరో గేమ్ కంపెనీ యూబీసాఫ్ట్ 2019లో కొత్త గేమ్‌లు స్టీమ్‌కు ఆపేసి 2022లో వెనక్కొచ్చింది. ఇంకో గేమ్ కంపెనీ బెథెస్డా తన లాంచర్‌ను (సొంత స్టోర్ యాప్‌ను) 2022లో మూసేసింది. విండోస్ చేతిలో ఉన్న మైక్రోసాఫ్ట్ కూడా హేలో కలెక్షన్‌ను 2019 డిసెంబరులో స్టీమ్‌లో పెట్టక తప్పలేదు.

‘మరి ఎపిక్ సంగతి?’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. గేమ్ కంపెనీ ఎపిక్ స్టోర్ 2018 డిసెంబరులో 12 శాతం కమీషన్‌తో మొదలైంది, దాని సొంత గేమ్ ఫోర్ట్‌నైట్ ఆడేవాళ్లు అప్పటికే దాని దగ్గర ఉన్నారు, ఆపైన ఉచిత గేమ్‌లు పంచింది. బోర్డర్‌ల్యాండ్స్ 3 అనే ఒక్క గేమ్‌ను కొంతకాలం తన దగ్గరే ఉంచడానికి 10 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం చేసుకున్నట్టు 2021లో ఆపిల్‌తో కోర్టు కేసులో బయటపడింది. సోనీ అంత ఖర్చుకు సిద్ధమా అని మీరే తిరిగి అడగండి.

సోనీ విడుదల చేసిన గేమ్ హెల్‌డైవర్స్ 2 ఉదంతం మాత్రం వివరంగా చదవాలి. 2024 ఫిబ్రవరిలో పీఎస్5లోనూ పీసీలోనూ ఒకేసారి విడుదలై, 12 వారాల్లో కోటీ 20 లక్షల కాపీలు అమ్ముడైంది. మేలో, పీసీ ఆటగాళ్లు ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఖాతా తప్పనిసరిగా జోడించాలని సోనీ ప్రకటించింది. ఆ నెట్‌వర్క్ అధికారికంగా లేని దేశాల్లో కూడా గేమ్ అప్పటికే అమ్ముడుపోయింది! స్టీమ్‌లో నెగెటివ్ రివ్యూలు వెల్లువెత్తాయి, 170కి పైగా దేశాలు, ప్రాంతాల్లో అమ్మకం ఆగింది, కొద్ది రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది. స్టోర్‌కు ఖాతా కావాలి. ఖాతా తెరవాలంటే ఆ దేశంలో పన్ను నమోదు, పేమెంట్ మార్గాలు, స్థానిక ధర, వయసు నిబంధనలు అన్నీ కావాలి. స్టీమ్ కమీషన్‌లో ఈ పనంతా కలిసే ఉంది.

కన్సోల్ వైపు నష్టం కూడా ఒక్క ముక్క చెప్పండి. ప్లేస్టేషన్ యజమాని పీసీకి మారితే సోనీ పోగొట్టుకునేది ఒక్క గేమ్ కాదు, ఇతర కంపెనీల గేమ్‌ల మీద తన స్టోర్‌లో వచ్చే కమీషన్, సబ్‌స్క్రిప్షన్ కూడా. 2018 నాటి సోనీ గేమ్ గాడ్ ఆఫ్ వార్ పీసీకి 2022 జనవరిలో గానీ రాలేదు.

మా సిఫారసు: స్టోర్ వద్దు. స్టీమ్‌లో అమ్ముతూ, ఖాతా జోడించినవాళ్లకు గేమ్ లోపల బహుమతులివ్వాలి, బలవంతం చేయకూడదు. ఒకసారి కొంటే కన్సోల్‌లోనూ పీసీలోనూ ఆడుకునే ఆఫర్ ఇవ్వగలిగితే అప్పుడు స్టోర్ గురించి మళ్లీ ఆలోచించవచ్చు, ఎందుకంటే అది స్టీమ్ ఇవ్వలేనిది. మైక్రోసాఫ్ట్ 2016 నుంచి ప్లే ఎనీవేర్ పేరుతో ఇస్తున్నది ఇదే.

చివర్లో ‘ఇండియాలో పైలట్ (చిన్న స్థాయి ప్రయోగం) చేద్దామా?’ అని అడగవచ్చు. స్టీమ్ ఇక్కడ 2015 నుంచే రూపాయల్లో ధరలు పెడుతోంది, యూపీఐ తీసుకుంటోంది. విదేశీ స్టోర్ అయినా 18 శాతం జీఎస్టీ కట్టాలి. కాబట్టి పైలట్‌లో కొలవాల్సింది ఒక్కటే: అదే ధరకు అదే గేమ్ రెండుచోట్లా పెడితే నూటికి ఎంతమంది ఇటు వస్తున్నారు?