శుభలేఖల వెనక ఆవర్తన పట్టిక

మా రోజుల్లో ఆవర్తన పట్టిక అంటే బట్టీయే. హైడ్రోజన్, హీలియం, లిథియం, బెరీలియం అంటూ ఎక్కాల్లా అప్పజెప్పేవాళ్లం. మార్కులొచ్చాయి, విషయం రాలేదు. పదో తరగతి చదివే మా అమ్మాయి "నాన్నా, పై వరుసల్లో మధ్యలో అంత ఖాళీ ఎందుకు?" అని అడిగితే గానీ ఆ సంగతి బయటపడలేదు.

బీరువా మీది పాత శుభలేఖలు ముక్కలు కోసి, వెనక మూలకం పేరు, పరమాణు భారం రాశాం. ముందు 20 చాలనుకున్నాం. 1869లో రష్యన్ రసాయన శాస్త్రవేత్త మెండలీవ్ చేసినట్టే భారం పెరిగే వరుసలో పేరుస్తూ, ఒకే రకం ధర్మాలున్నవి ఒకదాని కింద ఒకటి వచ్చేలా సర్దాం. లిథియం కింద సోడియం, ఫ్లోరిన్ కింద క్లోరిన్ చక్కగా కూర్చున్నాయి. ఆ తర్వాతే చిక్కొచ్చింది. పొటాషియం 39.1, ఆర్గాన్ 39.95. భారం మాట వింటే నీళ్లలో వేస్తే భగ్గుమనే పొటాషియం వెళ్లి, దేంతోనూ కలవని నియాన్ కింద పడుతోంది! నేనే తప్పు రాశానేమోనని పుస్తకం రెండుసార్లు చూశాను. తప్పు లేదు.

మెండలీవ్‌కీ టెల్లూరియం, అయోడిన్ దగ్గర ఇదే తంటా. ఆయన ధర్మాలనే నమ్మి, బరువెక్కువైనా టెల్లూరియాన్నే ముందు పెట్టాడు. దాని భారం కొలవడంలోనే పొరపాటు జరిగి ఉంటుందన్నాడు. పెట్టిన చోటు సరైనదే, చెప్పిన కారణమే కాదు. 1913లో ఇంగ్లండ్ భౌతిక శాస్త్రవేత్త మోస్లే ఎక్స్ కిరణాలతో అసలు లెక్క తేల్చాడు: చూడాల్సింది బరువు కాదు, కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య. మేమూ భారాలు కొట్టేసి ఆర్గాన్‌కి 18, పొటాషియంకి 19 వేశాం. రెండూ ఎవరి చోటికి అవి వెళ్లిపోయాయి.

ఇక ఖాళీ సంగతి. పరమాణువులో కేంద్రకం చుట్టూ ఉండే మూడో కక్ష్యలో 18 ఎలక్ట్రాన్లు పడతాయని చదివిన పిల్ల, మూడో వరుస 8తోనే ఆగిందేమని పట్టుకుంది. ఇక్కడ నాకు చెమటలు పట్టాయి. చివరికి పెళ్లి భోజనాలు గుర్తొచ్చాయి. కక్ష్యలు బంతులనుకో, ఎలక్ట్రాన్లు భోంచేసేవాళ్లనుకో అన్నాను. మూడో బంతిలో ఇంకా 10 విస్తళ్లు ఖాళీగా ఉండగానే, నాలుగో బంతిలో ఫ్యాన్ కింద చోటుందని ఇద్దరు పోయి అక్కడ కూర్చుంటారు. వాళ్లతో వచ్చేవే పొటాషియం, కాల్షియం. తక్కువ శక్తి ఉన్న చోటే ముందు నిండుతుంది మరి. ఆ తర్వాత వచ్చినవాళ్లు వెనక్కి వచ్చి ఆ 10 విస్తళ్లు నింపుతారు, స్కాండియం నుంచి జింక్ దాకా. ఆ పదింటికి చోటివ్వాలంటే పై వరుసల్ని మధ్యలో విడదీసి జరపాలి. అదే ఆ ఖాళీ.

అమ్మాయికి హుషారొచ్చి మిగతా 98 కార్డులూ రాసింది. పుస్తకంలో కింద విడిగా వేసే లాంథనైడ్లు, ఆక్టినైడ్లను కూడా అసలు చోట్లలోనే దూర్చింది. కాగితం వెడల్పు చాలకే గానీ అవి బయట ఉండాల్సినవి కావు. వరుసకి ఎన్నో లెక్కేస్తే 2, 8, 8, 18, 18, 32, 32. కూడితే 118. పట్టిక సోఫా దాటి వంటింటి గడప దాకా పాకింది. అక్కడున్న ఆఖరి కార్డు ఒగనెసాన్‌ని మా ఆవిడ తీసి తిరగేసి చూసింది.

"మా చెల్లి పెళ్లి కార్డు కూడా కోసేశారా?"