పోటు చూసుకుని కోరంగి వెళ్లాం

కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవి చూడాలనుకునేవాళ్లు బస్సు టైము కంటే ముందు పోటు టైము, అంటే సముద్రపు నీళ్లు పాయల్లోకి ఎక్కే వేళ, కనుక్కోవాలి. ఈ సంగతి ఎవరూ చెప్పరు. జనం ఎండెక్కాక వస్తారు, నీళ్లు లేవు బోటు కదలదంటే చిరాకు పడతారు, చెక్క వంతెన మీద నాలుగు ఫొటోలు దిగి "బురద తప్ప ఏముంది ఇక్కడ" అంటూ వెళ్లిపోతారు. ఇక్కడ చూడాల్సింది ఆ బురదనే.

మేం వెళ్లింది చొల్లంగి అమావాస్యకి, అంటే పుష్య మాసపు అమావాస్యకి, కాస్త ముందు. నాతో మా అత్తగారు వచ్చారు. ఆవిడ పుట్టిల్లు తాళ్లరేవు దగ్గరే. చిన్నప్పుడు ఈ పాయల్లో నావల మీద తిరిగిన మనిషి. "అమావాస్య దగ్గర పడితే పొద్దున పోటు బాగా ఎక్కుతుంది అమ్మాయ్. మధ్యాహ్నానికి తీసేస్తుంది. పెందలాడే వెళ్లి సాయంత్రం దాకా ఉందాం" అని ప్లానంతా ఆవిడే వేశారు. రోజుకి రెండుసార్లు నీళ్లు ఎక్కే పోటు, రెండుసార్లు నీళ్లు తీసే ఆటు. అవి కూడా రోజూ ఒకే వేళకి రావు, రోజుకి సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంటాయి. పోయిన వారం వెళ్లొచ్చినవాళ్లు చెప్పిన టైము ఈ వారం పనికిరాదు.

కాకినాడలో జగన్నాథపురం వంతెన దాటి యానాం రోడ్డు పడితే ముందు చొల్లంగి వస్తుంది. గోదావరి ఏడు పాయల్లో తుల్యభాగ సముద్రంలో కలిసే చోటు అదేనని అక్కడ అమావాస్య స్నానం చేసి సప్తసాగర యాత్ర మొదలుపెడతారు, అంతర్వేదిలో ముగిస్తారు. చొల్లంగి దాటి ఇంకాస్త ముందుకు వెళ్తే అభయారణ్యం గేటు. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైనే.

బోటు నడిపేవాళ్లంతా చుట్టుపక్కల మత్స్యకారుల పిల్లలే. మా బోటు కుర్రాడికి పాయలో ఎక్కడ లోతుందో, ఎక్కడ మేట వేసిందో కంఠతా వచ్చు. అత్తయ్య వాళ్ల ఊరి పేరు చెప్పగానే "ఆయ్, మా అమ్మమ్మగారిదీ అదేనండి" అని ఇంజను స్పీడు తగ్గించేశాడు. ఆ తగ్గించడమే మాకు లాభించింది. నిండు పోటులో మడ కొమ్మలు నీళ్లని తాకుతున్నాయి, వేళ్లు ఒక్కటీ కనపడటం లేదు. ఒక కొమ్మ మీద నల్ల తల లకుముకి పిట్ట. వీపు ముదురు నీలం, ముక్కు ఎర్రటి ఎరుపు. బోటు బాగా దగ్గరికి వెళ్లేదాకా కదల్లేదు. పైన గరుడ పక్షులు, ఒడ్డున తెల్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు. ఈ నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తల్ని పట్టి లోపలి కండ లాగడానికి అది పనికొస్తుందట.

బోటులో మరో కుటుంబం పాటలు పెట్టుకుంది. ఆపమని అడిగితే మర్యాదగానే ఆపారు. కానీ అప్పటికే లకుముకి ఎగిరిపోయింది. అడవిలోకి స్పీకరు ఎందుకు తెస్తారో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

పాయ వెడల్పయ్యే చోట దూరంగా సముద్రం వైపు సన్నటి గీతలా హోప్ ఐలాండ్ కనిపించింది. గోదావరి మోసుకొచ్చిన ఇసుకని అలలు పోగేసి, రెండు వందల ఏళ్లుగా పెంచుతూ వచ్చిన దిబ్బ అది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. కాకినాడ రేవుకి కెరటాలు నేరుగా తగలకుండా కాపాడేది అదే. జనవరి నుంచి ఆ ఇసుక మీదికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ రోజుల్లో అటు వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. దూరం నుంచి చూశాం, చాలు.

ఇప్పుడు చిన్న ఊరిలా కనిపించే కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. ఇక్కడ ఓడలు కట్టేవారు, ఇక్కణ్ణుంచి రంగూన్‌కి జనం వెళ్లేవారు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన వచ్చి ఊరిని ఊడ్చేసింది. ఆ తర్వాత కోరంగికి మళ్లీ పాత వైభవం రాలేదు.

బోటు దిగాక చాలామంది వెళ్లిపోయారు. మేం తెచ్చుకున్న పులిహోర తిని, ఆటు కోసం కూర్చున్నాం.

మధ్యాహ్నం చెక్క వంతెన ఎక్కేసరికి పొద్దున చూసిన అడవి కాదది. నీళ్లు తీసేశాయి. చెట్ల కింద బురద నిండా పెన్సిళ్లు గుచ్చినట్టు మడ వేళ్లు పైకి లేచి ఉన్నాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి మడ చెట్టు ఈ వేళ్లతో పైనుంచి ఊపిరి తీసుకుంటుంది. పోటులో మునిగినంతసేపూ ఓపిక పట్టి, ఆటులో శ్వాస పీలుస్తుంది. పక్కనే ఉప్పు పొన్న అనే మరో రకం మడ చెట్టు వేళ్లు కొమ్మల నుంచి వంపు తిరిగి బురదలో దిగాయి. దాని గింజ చెట్టుకి ఉండగానే మొలకెత్తి, పొడుగ్గా సాగి, బరువుకి జారి పడుతుంది. బురద మీద పడితే అక్కడే నాటుకుంటుంది, నీళ్లలో పడితే ఎక్కడికో కొట్టుకుపోయి అక్కడ నిలబడుతుంది.

అత్తయ్య ఒక మడ ఆకు తుంచి నాకిచ్చారు. "నాలిక మీద పెట్టుకో." ఎండలో ఆకు పైన సన్నటి ఉప్పు రవ్వలు మెరుస్తున్నాయి. చెట్టు పీల్చిన ఉప్పుని ఆకుల్లోంచి ఇలా బయటికి పంపేస్తుంది. "గేదెలకి ఈ ఆకంటే ప్రాణం. వదిలితే చెట్టుని గీకి పెడతాయి" అన్నారు. ఇంకో చెట్టు దగ్గరికి వెళ్లబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. అది తిల్ల. తుంచితే పాలు కారతాయి, అవి కంట్లో పడితే కొన్నాళ్లు చూపు కనపడదు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

వంతెన కిందే ఒక జానెడు నీటి గుంట. దాని అంచున బురద రంగులోనే ఒక చేప, వేలంత ఉంటుంది. కళ్లు నెత్తి మీద ఉబికి ఉన్నాయి. ముందు రెక్కల్ని చేతుల్లా ఆనించి ముందుకు జరుగుతోంది, ఆగుతోంది. ఉన్నట్టుండి ఒక పక్కకి దొర్లి ఒళ్లంతా తడి చేసుకుంది. మడ్‌స్కిపర్ అంటారు దీన్ని. ఒళ్లు తడిగా ఉన్నంతసేపూ చర్మంతో కూడా ఊపిరి తీసుకోగలదు. మరో చేప దగ్గరికి రాగానే వీపు మీది రెక్క నిటారుగా విప్పింది. రెండూ నోళ్లు తెరిచి ఒకదాన్నొకటి బెదిరించుకున్నాయి, తర్వాత రెండోది గెంతుకుంటూ పోయింది. దాని చుట్టూ చిన్న చిన్న పీతలు. మగ పీతకి ముందరి కాళ్లలో ఒకటి చిన్నది, రెండోది దాని ఒంటికి మించింది. ఆ పెద్ద కాలిని ఎత్తి దించుతూ ఆడ పీతల్ని పిలుస్తుంది. మా నీడ పడితే అన్నీ ఒక్కసారే బొరియల్లో దూరాయి. కదలకుండా నిలబడితే మెల్లగా ఒక్కొక్కటీ బయటికొచ్చాయి.

ఇక్కడి బావురుపిల్లిని చూడాలని నాకెంతో ఆశ. మామూలు పిల్లికి దాదాపు రెట్టింపు ఉండే ఈ పిల్లి నీళ్లలో దిగి చేపలు పడుతుంది. కనపడలేదు. ఎక్కువగా రాత్రే తిరిగే జంతువు, మధ్యాహ్నం కనపడమంటే ఎలా కనపడుతుంది? కానీ అక్కడి వాచర్ బురదలో దాని అడుగులు చూపించారు. పిల్లి అడుగుల్లో గోళ్ల గుర్తులు మామూలుగా ఉండవు. దీనివి పూర్తిగా లోపలికి ముడుచుకోవు కాబట్టి గోరు కొనలు కూడా అచ్చుపడ్డాయి. రాత్రి ఆటులో నడిచి ఉంటే పొద్దున పోటుకి చెరిగిపోయేవి, ఇప్పుడిప్పుడే తిరిగి ఉండాలి అన్నారాయన. అంటే మేం పులిహోర తింటున్నప్పుడు అది ఇక్కడే ఎక్కడో ఉంది! అంతకంటే ఏం కావాలి?

నాకు కోపం తెప్పించింది ఒక్కటే. ఊపిరి వేళ్ల మధ్య ఇరుక్కున్న ప్లాస్టిక్ కవర్లు, సీసాలు. కొన్ని కాకినాడ వైపు నుంచి పోటుతో వస్తాయి, కొన్ని ఈ వంతెన మీది నుంచే పడతాయి. కవరు వేళ్లని కప్పేస్తే మొక్కకి గాలి అందదు. మన చేతిలోది మనతోనే తీసుకెళ్లాలి, అంతే.

సాయంత్రం తాళ్లరేవు వైపు అత్తయ్య తమ్ముడిగారింటికి వెళ్లాం. మండపీతల ఇగురు వండారు. తింటూ ఉంటే అడవి కబుర్లే. అత్తయ్య చిన్నప్పుడు వంటచెరకు కోసం మడని వరసగా నరికేవారట, నావల కొద్దీ కట్టెలొచ్చేవట. నరికిన చోట నేల కుంగి, ఎక్కిన పోటు నీళ్లు తిరిగి పోక, ఎండకి ఇగిరి ఉప్పు పేరుకునేది. అక్కడ మళ్లీ మొక్క మొలిచేది కాదు. 1990ల చివర్లో స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీశాఖ, ఊళ్లవాళ్లు కలిసి ఇలాంటి చోట్ల చేప ముల్లులా పెద్ద కాలువ, దానికి అటూ ఇటూ పిల్ల కాలువలు తవ్వారు. పోటు లోపలికి వచ్చి ఉప్పుని కడుక్కుని ఆటుతో వెళ్లిపోవడానికి. తర్వాత ఆ కాలువల వాలు వెంట మడ నాటారు.

ఆ ఇంటి మావయ్యగారు, అంటే అత్తయ్య తమ్ముడు, అప్పట్లో ఆ కాలువలు తవ్విన కూలీల్లో ఒకరు. అంతకుముందే 1996 నవంబరు తుఫాను చూసిన మనిషి. వెయ్యి మందికి పైగా పోయిన తుఫాను అది. మడ అడ్డున్న చోట నీటి జోరు తగ్గుతుందని ఊళ్లో అందరికీ అప్పుడే తెలిసొచ్చిందన్నారు. "మొక్క నాటడం ఒక్క పూట పనమ్మా. కాలువలో మేట పడకుండా ఏటా తీసుకోవాలి, గేదెలు రాకుండా కాపలా కాయాలి. అదీ అసలు పని" అన్నారు. ఆయన నాటిన మడ ఇప్పుడు మనిషిని దాటి ఎదిగింది. మర్నాడు పోటు ఎక్కకముందే నడిచి వెళ్లి చూసొచ్చాం.