అందరికీ ఒకే గంటలో

బుధవారం. పరీక్షలు లేవు, వార్షికోత్సవం లేదు, సెలవూ లేదు. చిన్న రెసిడెన్షియల్ కాలేజీ ఎలా నడుస్తోందో తెలియాలంటే ఇలాంటి రోజునే చూడాలి. రెండు వందల మంది ఒకే ఆవరణలో పడుకుని, లేచి, తిని, చదువుకునే చోట ఫలానా సౌకర్యం ఉందా లేదా అని అడిగితే చాలదు. అది అందరికీ ఒకే గంటలో కావాల్సి వచ్చినప్పుడు ఏమవుతుందని కూడా అడగాలి. రోజు మొత్తానికి లెక్క వేస్తే దాదాపు అన్నీ సరిపోతాయి. గంటకి లెక్క వేస్తేనే లోటు బయటపడుతుంది.

ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా నీళ్ల వేళ. స్నానం, మొహం కడుక్కోవడం, ఫ్లష్, అన్నీ కలిపి మనిషికి 40 లీటర్లు అనుకున్నా ఆ గంటన్నరలో 8,000 లీటర్లు పోతాయి. పైన 10,000 లీటర్ల ట్యాంకు ఉంటే చాలు, కానీ తెల్లారేసరికి అది నిండి ఉండాలి. మోటారు గంటకి 4,000 లీటర్లు ఎక్కించేదైతే, వాడకం మొదలయ్యాక స్విచ్ వేస్తే అది ఎప్పటికీ వెనకబడే ఉంటుంది, ఎందుకంటే ఆ వేళ గంటకి 5,000 లీటర్లకు పైగానే దిగిపోతున్నాయి. అందుకే మోటారు వేళ రాత్రి పదకొండు తర్వాతో, తెల్లవారుజామున నాలుగుకో ఉండాలి. నిండిందో లేదో మూత తీసి కళ్లతో చూడాలి తప్ప ఆటోమేటిక్ ఉంది కదా అని వదిలేయకూడదు. ట్యాంకు నిండగానే నీటిని ఆపే ఫ్లోట్ వాల్వు బంతిలోకి నీరు చేరితే బంతి మునిగిపోయి వాల్వు మూసుకోదు, ట్యాంకు పొంగిపోతుంది. దాని కడ్డీకి సున్నపు పొర పట్టి బిగుసుకుంటే వాల్వు తెరుచుకోదు, ట్యాంకు నిండదు. రెండోది కనపడదు కాబట్టి అదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

పై అంతస్తులో షవర్ సన్నగా వస్తోందని షవర్ మార్చేవాళ్లు చాలామంది. అది దండగ ఖర్చు. పది మీటర్ల నీటి ఎత్తు దాదాపు ఒక బార్ ఒత్తిడి ఇస్తుంది. ట్యాంకు పై అంతస్తు షవర్ కంటే మూడు మీటర్లే ఎత్తులో ఉంటే దక్కేది 0.3 బార్. కింద నాలుగు కుళాయిలు ఒకేసారి తిప్పితే అదీ పోతుంది. పై అంతస్తుకి ట్యాంకు నుంచి విడిగా, కాస్త లావు పైపు దించాలి. అది కుదిరేదాకా కింది అంతస్తుల వాల్వులు కొంత బిగించి ఉంచాలి. కింద వాళ్లకి తేడా పెద్దగా తెలియదు, పైన వాళ్లకి స్నానం కుదురుతుంది.

గీజర్ల సంగతి కూడా గంట లెక్కే. 25 లీటర్ల గీజరు, 2 కిలోవాట్ల కాయిల్ అయితే 20 డిగ్రీల నీటిని 60 డిగ్రీలకి తేవడానికి దాదాపు 35 నిమిషాలు పడుతుంది. ఆ 25 లీటర్లని చన్నీళ్లతో కలిపి 40 డిగ్రీలకి దించితే 50 లీటర్లు, అంటే రెండున్నర బకెట్లు. ముందే వేడెక్కి ఉన్న గీజరు కూడా గంటన్నరలో ఇచ్చేది ఏడెనిమిది బకెట్లే. ఒక్కో గీజరు మీద పదిహేను మందిని పెట్టి, ఆఖరున వచ్చినవాళ్లకి చల్లటి నీళ్లు వస్తే వాళ్లే ఆలస్యంగా లేచారని అనడం న్యాయం కాదు. సగం మందికి సాయంత్రం స్నానం వేళ పెడితే అదే గీజరు సరిపోతుంది. నీళ్లలో సున్నం ఎక్కువగా ఉన్న చోట ఏడాదికోసారి కాయిల్ బయటికి తీసి శుభ్రం చేయాలి. పొర పట్టిన కాయిల్ వేడిని నీటికి సరిగా ఇవ్వలేక తనే కాలిపోతుంది.

ఎనిమిదికి మెస్. ఒక ప్లేటు వడ్డించడానికి 20 సెకన్లు పడితే రెండు వందల ప్లేట్లకి గంటకు పైనే. తొమ్మిదికి తరగతి ఉంటే వరసలో చివరివాళ్లు తినకుండానే పోతారు. బల్లని గోడ నుంచి జరిపి రెండు వైపులా వరస పెడితే అది సగానికి సగం తగ్గుతుంది. ఇంకో చిన్న సంగతి: చెంచాలు, గ్లాసులు వరస మొదట్లో పెట్టకూడదు. ప్లేటు మాత్రమే అక్కడ ఉండాలి, మిగతావి కూర్చునే బల్లల దగ్గర. వడ్డించే చెయ్యి కంటే చెంచా ఏరుకునే చెయ్యే వరసని ఎక్కువ ఆపుతుంది.

మిగిలిన వంటని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. లోతైన గిన్నెలో వదిలేసిన అన్నం పైన చల్లారినట్టే ఉంటుంది, నడిమధ్య గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు, ఆ వెచ్చదనంలో మొలిచి విషం తయారుచేస్తాయి, ఆ విషంలో ఒక రకం మళ్లీ వేడి చేసినా పోదు. దాచాలంటే ఐదు సెంటీమీటర్లకు మించని మందంలో పళ్లేల్లో పరిచి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. లేదంటే పారేయాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న వంటమనిషి తగ్గిన తర్వాత కూడా 48 గంటలు వంటగదికి దూరంగా ఉండాలి. జీతం కోత పడుతుందంటే ఆ మనిషి జబ్బు దాచిపెడతాడు. కాబట్టి ఆ రెండు రోజులూ జీతం ఇవ్వడం కూడా ఆరోగ్య నియమాల్లో భాగమే.

తొమ్మిది నుంచి నాలుగు దాకా హాస్టల్ ఖాళీ. మరమ్మతులకి ఇదే సమయం. అయితే ఫిర్యాదుల పుస్తకంలో "బాత్రూం పాడైంది" అని రాసి ఉంటే ప్లంబర్ అరపూట వెతుక్కోవడంతోనే సరిపోతుంది. ఏ అంతస్తు, ఎన్నో కుళాయి, ఎక్కడి నుంచి కారుతోంది, ఏ వేళలో: ఈ నాలుగూ రాయాలి. కుళాయి మూతి నుంచి కారితే లోపలి వాషర్ అరిగినట్టు. తిప్పే పిడి కింద నుంచి కారితే పిడి చుట్టూ నీరు రాకుండా ఆపే గ్లాండ్ ప్యాకింగ్ పోయినట్టు. ఇది ముందే తెలిస్తే కావాల్సిన సామాను పట్టుకుని వస్తాడు, పది నిమిషాల్లో అయిపోతుంది.

వాషింగ్ మెషిన్ దగ్గర ఈరోజు ఎవరూ లేరు. ఆదివారం మాత్రం దాని ముందు బకెట్ల వరస. నలభై మందికి ఒక మెషిన్, మనిషికి వారానికి ఒక లోడు, రోజుకి ఎనిమిది లోడ్లు అంటే ఐదు రోజుల్లో అందరిదీ అవుతుంది. గదుల వారీగా రోజులు పంచి గోడకి అంటిస్తే చాలు, ఇంకో మెషిన్ కొననక్కర్లేదు.

సాయంత్రం లైబ్రరీ. అరవై మంది తరగతికి ఒక పాఠ్యపుస్తకం ఐదు కాపీలే ఉంటే, వాటిలో రెండు బయటికి ఇవ్వకుండా రెండేసి గంటల చొప్పున అక్కడే చదువుకోవడానికి ఉంచాలి. పదిహేను రోజులకి ఇచ్చేసిన పుస్తకం పదిహేను రోజులూ ఒక్కరిదే. తప్పు చోట పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం. పుస్తకాలకి విషయాన్ని బట్టి నంబర్లిచ్చే పద్ధతి, అమెరికా లైబ్రేరియన్ మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన దశాంశ వర్గీకరణలో 512 అంటే బీజగణితం, 521 అంటే ఖగోళ యాంత్రికశాస్త్రం. తొందరలో రెండంకెలు తారుమారైతే ఆ పుస్తకం కోసం వెతికేవాళ్లు ఆ అలమర వైపే రారు. రోజుకి ఒక్క అలమర చొప్పున వరసగా నంబర్లు చదువుకుంటూ పోతే చిన్న లైబ్రరీ మొత్తం ఒక నెలలో సర్దుకుంటుంది. వెలుతురు కూడా చూడాలి: చదివే బల్ల మీద 300 నుంచి 500 లక్స్ (వెలుతురు కొలత) ఉండాలి. గది మధ్యలో సరిపోయే దీపం గోడవార బల్ల మీద సగం కూడా పడదు.

రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా వైఫై గొడవ. "సిగ్నల్ ఫుల్‌గా ఉంది కానీ కనెక్ట్ కావట్లేదు" అన్నారంటే తప్పు ఫోన్‌ది కాకపోవచ్చు. మామూలుగా పెట్టే రౌటర్ సెట్టింగులో ఒక నెట్‌వర్క్‌కి 254 ఐపీ చిరునామాలే, అంటే ఒక్కో పరికరానికి ఇచ్చే నంబర్లే ఉంటాయి. రెండు వందల మందికి ఫోనూ ల్యాప్‌టాపూ కలిపితే నాలుగు వందలు. చిరునామాలు అయిపోయాక వచ్చినవాళ్లకి ఏదీ దొరకదు. రేంజిని పెంచి 510 చేయాలి, లీజు సమయం, అంటే ఒక పరికరానికి ఆ చిరునామా కేటాయించి ఉంచే సమయం, 24 గంటలుంటే రెండు గంటలకి తగ్గించాలి. డబ్బు ఖర్చు లేని పని ఇది. ఆ తర్వాత ఛానెళ్లు, అంటే వైఫై సిగ్నల్ నడిచే దారులు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడనివి 1, 6, 11 మూడే. పక్కపక్క అంతస్తుల్లో రెండు యాక్సెస్ పాయింట్లు (వైఫై ఇచ్చే పెట్టెలు) ఒకే ఛానెల్ మీద ఉంటే ఒకటి మాట్లాడుతున్నంతసేపూ రెండోది ఆగాలి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి నీరసిస్తుంది, అందుకని వరండా చివర ఒక్కటి పెట్టడం కంటే నాలుగైదు గదులకి ఒకటి మేలు. ఇవన్నీ సరిచేశాకే లైను వేగం గురించి ఆలోచించాలి. 100 ఎంబీపీఎస్ లైను మీద ఫుల్ హెచ్‌డీ వీడియో ఒక్కోటి 5 తీసుకుంటే ఇరవై మందితో లైను నిండిపోతుంది. కంప్యూటర్ ల్యాబ్ అప్‌డేట్లు ఈ వేళలో అస్సలు నడవకూడదు, తెల్లవారుజాము రెండింటికి పెట్టాలి.

గదుల్లో ఎక్స్‌టెన్షన్ బోర్డులు చూసినప్పుడల్లా గుండె గుబేలుమంటుంది. 230 వోల్టుల మీద 1,500 వాట్ల కెటిల్ 6.5 ఆంపియర్లు లాగుతుంది, 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె ఇంకో 4.3. బోర్డు మీద రాసి ఉన్నది 6 ఆంపియర్లు. ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్) పడలేదు కదా, పర్వాలేదు అనుకుంటారు. 16 ఆంపియర్ల ఎంసీబీకి 11 ఆంపియర్లు మామూలు లోడే, అది కాపాడేది గోడలోని వైరుని, బోర్డుని కాదు. బోర్డు మాత్రం లోలోపల కరుగుతుంది. కెటిళ్లు నిషేధించి ఊరుకుంటే మంచాల కిందికి చేరతాయి. అంతస్తుకి ఒక చిన్న ప్యాంట్రీలో 16 ఆంపియర్ల సాకెట్, కెటిల్, ఇస్త్రీబల్ల ఏర్పాటు చేస్తే దాచుకోవాల్సిన అవసరమే ఉండదు.

పదకొండుకి మెట్ల తలుపుకి తాళం వేయడం అలవాటుగా ఉన్న చోట్లు ఉన్నాయి. ఇది ఎంత మాత్రం ఒప్పుకోదగ్గది కాదు. నీళ్లూ వైఫై అందరికీ ఒకే గంటలో కావాలి. మంటలొస్తే అందరికీ ఒకే నిమిషంలో కావాల్సింది ఈ తలుపు. బయటినుంచి రాకుండా గడియ ఉండొచ్చు, లోపలినుంచి తాళంచెవి లేకుండా ఒక్క తోపుతో తెరుచుకోవాలి. వరండాలో పాత మంచాలూ బీరువాలూ ఉండకూడదు. మంటలార్పే సిలిండర్ల గేజి ముల్లు పచ్చ గుర్తులో ఉందో లేదో నెలకోసారి చూడాలి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కి సాధారణంగా గేజి ఉండదు, తూకం వేసి దాని మీద ముద్రించిన బరువుతో పోల్చుకోవాలి. మంటలొస్తే బయటికి వచ్చే డ్రిల్లు కూడా మధ్యాహ్నం పెట్టకూడదు, అప్పటికి హాస్టల్ ఖాళీ. పిల్లలు నిద్రపోయే వేళే పెట్టాలి, బయట గదుల వారీగా లెక్కపెట్టే రిజిస్టరు గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో ఉండాలి, ఆఫీసు బీరువాలో కాదు.