సీడ్ పత్తి క్రాసింగ్: మొగ్గ గిల్లిన దగ్గర్నుంచి కాయ పట్టేదాకా నా అనుభవం

మాది గద్వాల వైపు, సీడ్ పత్తి, అంటే హైబ్రిడ్ విత్తనం కోసం పెంచే పత్తి, బాగా వేసే ప్రాంతం. పోయిన వానాకాలం క్రాసింగ్ (ఒక రకం పుప్పొడిని ఇంకో రకం పువ్వుకి చేత్తో అంటించడం) సీజన్ అంతా నేను చేలోనే ఉన్నా. డిగ్రీలో బాటనీ చదివాను గానీ ద్విఫలదీకరణ (ఒకే అండంలో రెండు కలయికలు జరగడం) అంటే పరీక్షలో వేసే బొమ్మగానే గుర్తుండేది, చేలో దిగాక ఏ పని ఎందుకు ఆ టైముకే చేస్తారో తెలిసేకొద్దీ భలే ఇష్టం పుట్టింది.

సాయంత్రం 3 దాటాక ఆడ వరసల్లో (గింజ పట్టించే రకం మొక్కల్లో) రేపు విచ్చుకునే మొగ్గలు వెతకాలి, లేత పసుపు రెక్కలు కొంచెం పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, అవే. బొటనవేలి గోరుతో మొదట్లో గిల్లి రెక్కల్నీ వాటితో పాటు కేసరాల గొట్టాన్నీ కలిపి లాగేస్తాం. పత్తి పువ్వులో ఆడ మగ రెండూ ఉంటాయి కదా, తెల్లారేలోపు మగ భాగం తీసేయకపోతే దాని పుప్పొడి దానికే పడుతుంది, ఇక అది హైబ్రిడ్ గింజ కాదు. గోరు లోతుగా దిగితే అండాశయం దెబ్బతిని రాలిపోతుంది. మా పెద్దమ్మ మాత్రం చూడకుండానే గిల్లుతుంది, నాకు ఆ చెయ్యి చూస్తుంటేనే గౌరవం.

పొద్దున మంచు ఆరాక మగ పూలు (పుప్పొడి కోసం వేసిన రకానివి) తెంపుకొచ్చి ముందురోజు గిల్లిన పూల కీలాగ్రాల (పుప్పొడి అంటే కొనల) మీద రుద్దుతాం, ఒక్క మగ పువ్వు నాలుగైదు ఆడ పూలకి వస్తుంది, రుద్దినదానికి గుర్తుగా దారం కడతాం. "చుట్టూ అంటాలి బిడ్డా, ఒకపక్కే రుద్దితే కాయ వంకర పోతది" అనేది పెద్దమ్మ. అక్షరాలా నిజం. కాయలో నాలుగైదు గదులు, ఒక్కో గదిలో కొన్ని అండాలు ఉంటాయి, ఒక్కో అండం గింజ కావాలంటే దానికో పుప్పొడి రేణువు కావాల్సిందే, ఒకవైపు గింజలు పట్టకపోతే కాయ ఆ వైపు ఎదగదు.

ఆ తర్వాత జరిగేది కంటికి కనపడదు. రేణువు మొలకెత్తి సన్నని గొట్టం తీసి కీలం (కీలాగ్రం కింది కాడ) లోపల్నుంచి కిందికి దిగుతుంది, దాంట్లో రెండు మగ బీజకణాలు ఉంటాయి, దాదాపు ఒక రోజులో అండం దాకా చేరతాయి. ఒకటి స్త్రీబీజకణంతో కలిస్తే పిండం, రెండోది మధ్యలో ఉండే రెండు కేంద్రకాలతో కలిస్తే ఆ పిండానికి తిండి అంటే అంకురచ్ఛదం. ఈ రెండో కలయిక సంగతి 1898లో సెర్గీ నవాషిన్ లిల్లీ జాతి పూలల్లో కనిపెట్టేదాకా ఎవరికీ తెలీదు! పత్తిలో ఇంకో విశేషం, ఆ అండం పైపొర మీది కణాలే ఒక్కోటి సాగి ఒక్కో దూది పోగు అవుతుంది, అదీ పువ్వు విచ్చుకున్న రోజు నుంచే మొదలు.

వాన పడితే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. పత్తి పుప్పొడి నీళ్లు తగిలితే పగిలిపోతుంది, అందుకే తడి ఆరేదాకా ఎవరు తొందరపెట్టినా పువ్వు ముట్టుకోవద్దు. ఇంకో మాట, ఈ పనికి చిన్నపిల్లల్ని బడి మాన్పించి తీసుకురావడం నాకు అస్సలు నచ్చదు, ఎంత కూలీల కొరత ఉన్నా సరే.

తర్వాత దారం కట్టినవి చూసుకుంటూ పోవడమే. పట్టనివి కొన్నాళ్లకే పసుపెక్కి రాలిపోతాయి. పట్టినవాటికి కీలం ఎండి ఊడిపోయి కింద కాయ గట్టిగా ఊరుతుంది, అది పగిలి పత్తి చేతికి రావడానికి నెలన్నర పైనే పడుతుంది, ఆ పత్తిని వేరేగా తీసి వేరేగానే జిన్నింగ్ (దూది నుంచి గింజ విడదీయడం) చేయించాలి.